తొమ్మిది పది కావాలంటే

గ్రేడు పడిన స్పోర్ట్స్ కార్డును ఇంకా పెద్ద గ్రేడు కోసం మళ్లీ పరీక్షకు పంపడాన్ని అమెరికా సేకర్తలు రీసబ్మిషన్ అంటారు. కార్డు అంటే బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల ఆటగాడి బొమ్మ అచ్చువేసిన అట్టముక్క. అది అసలైనదో కాదో తేల్చి, స్థితిని బట్టి పదికి ఇంత అని అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చే పనిలోకి పీఎస్‌ఏ అనే సంస్థ 1991లో దిగింది. ఆ డబ్బా పేరు స్లాబ్. బెకెట్, ఎస్‌జీసీ సంస్థలు ఇదే పనిలోకి తరవాత వచ్చాయి.

పరీక్షకు అంశాలు నాలుగు: బొమ్మ నడిమధ్యకు పడిందా, మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు నలిగాయా, పైన గీతలున్నాయా. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా ఒక్కోసారి భూతద్దానికి కూడా అందదు. ధరకు మాత్రం వెంటనే అందుతుంది. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డు, పీఎస్‌ఏ పది గ్రేడుతో, 2021 జనవరి వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. తొమ్మిది పడిన అదే కార్డుకు అందులో కొద్ది భాగమే వచ్చేది. తొమ్మిది కార్డు యజమానికి నిద్రపట్టకపోవడం ఇక్కడ మొదలవుతుంది.

ఈ ఆచారం రెండు సిద్ధాంతాల మీద నిలిచింది. గ్రేడు వేసినవాడు పొరబడ్డాడన్నది మొదటిది. గ్రేడు వేయగల సమర్థుడు అతనొక్కడేనన్నది రెండోది. ఈ రెండూ ఒకే బుర్రలో తగవు లేకుండా కాపురం చేస్తాయి. పొరపాటు ఎప్పుడూ కిందికే జరుగుతుందన్నది వీటికి అనుబంధ సూత్రం. ఎనిమిదికి తగినదానికి తొమ్మిది వేశారేమోనని మథనపడి, సరిదిద్దమని ఫీజు కట్టి పంపే సేకర్త ఈ శాస్త్రం ఊహకు అందడు. పది పడిన మరుక్షణం నుంచి పరీక్షకుడి చూపుకు తిరుగులేదు.

పంపే మార్గాలు రెండు. స్లాబ్‌తో సహా పంపి పునఃపరిశీలన కోరడం మొదటిది. ఇందులో కార్డుకు ప్రమాదం తక్కువ, కానీ పాత అంకె పరీక్షకుడి కళ్లెదుటే ఉంటుంది. స్లాబ్‌ను పగలగొట్టడం రెండోది. కటింగ్ ప్లేయరుతో డబ్బా అంచులు విరిచి, కార్డును బయటికి లాగి, మెత్తని గుడ్డతో తుడిచి, పరీక్ష ముఖం ఎన్నడూ చూడనిదానిలా పంపుతారు. ఈసారి ఎనిమిది పడితే పాత తొమ్మిది తిరిగి రాదు. ప్లేయరు జారి మూల నలిగితే, తొమ్మిది అన్యాయమన్న వాదన అక్కడికక్కడే వీగిపోతుంది.

నిర్ణయానికి లెక్క కూడా ఉంది. ఉదాహరణకు ఒక కార్డు తొమ్మిదిలో 100 డాలర్లు, పదిలో 400, ఎనిమిదిలో 60 చేస్తుందనీ, ఫీజూ తపాలా కలిపి 40 అనీ అనుకోవాలి. పది పడే అవకాశం అయిదింట ఒకటి, ఎనిమిది పడే అవకాశమూ అంతే అయితే సగటున 152 వస్తుంది. ఖర్చు పోగా 12 డాలర్ల లాభం. పది పడే అవకాశం పదింట ఒకటే అయితే సగటు 122కు దిగి, 18 డాలర్ల నష్టం తేలుతుంది. ధరలు వేలం రికార్డుల్లో దొరుకుతాయి, ఫీజు పట్టికలో ఉంటుంది. లెక్కను అటో ఇటో తిప్పే ఆ అవకాశం ఒక్కటే ఎక్కడా దొరకదు. దాన్ని కార్డు యజమాని తన ఆశలోంచి తీసి పూరిస్తాడు. అందుకే ఈ లెక్క నష్టం చూపించడం అరుదు.

సంస్థకు ఈ బెంగ లేదు. అంకె పెరిగినా పెరగకపోయినా ఫీజు ఫీజే. పైగా, పెరిగిన అంకెతో కార్డు విలువ కట్టిన ఫీజు శ్రేణిని దాటితే పీఎస్‌ఏ అదనంగా వసూలు చేస్తుంది. మార్కులు పెరిగితే ఫీజు పెంచే ఉపాయం మన ఇంటర్ బోర్డుకు ఇంకా తట్టలేదు.

ఏ కార్డు ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చెప్పే పాపులేషన్ రిపోర్టును కూడా సంస్థలే ప్రకటిస్తాయి. స్లాబ్ పగలగొట్టినవాడు పాత లేబుల్‌ను సంస్థకు తిప్పి పంపకపోతే పాత నమోదు అలాగే ఉండిపోతుంది. మూడుసార్లు వెళ్లిన ఒకే కార్డు కాగితం మీద మూడు కార్డులవుతుంది. అరుదైనదని కొన్నదాన్ని అరుదు కాకుండా చేసుకునే ఈ సదుపాయానికి వేరే ఫీజు లేదు.

పీఎస్‌ఏ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు 1909–11 నాటి టీ206 అనే కార్డుల వరుసలోని బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది. దానికి ఎనిమిది పడింది. ఆ అంకెతోనే 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కార్డు అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అంచు కత్తిరించిన కార్డుకు అంకె వేయకూడదన్నది సంస్థ నియమమే. ఈ లెక్కన మళ్లీ పరీక్షకు పంపవలసిన కార్డుల జాబితాలో మొదటి పేరు వాగ్నర్‌దే కావాలి. కానీ రీసబ్మిషన్ శాస్త్రం అంకె పెంచుకోవడానికే పుట్టింది. దించే విభాగం అందులో లేదు.