ఎడారిలో ఒక సాయంత్రం: ఆత్మకూర్ వాసులకు సూచనలు

దుబాయ్ వెళ్లి ఎడారి సఫారీ చెయ్యాలని మనసు పడితే, ఇసుక చూడటానికి పోతున్నామని మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకండి. "ఇసుక సూడనీకి ఇమానమెక్కి పోవాల్నారా? జూరాల కింద ఏట్ల లేదా?" అంటారు. దానికి జవాబుండదు. బుర్జ్ ఖలీఫా చూసొస్తామని చెప్పండి. 828 మీటర్ల భవనం అంటే ఎవరూ ఎదురు మాట్లాడరు.

మేస్త్రీ పని తెలిసిన మామను వెంటబెట్టుకుని పోకండి. లహ్‌బాబ్ దగ్గర ఎర్రటి దిబ్బలు కనబడగానే అందరూ ఫోన్లు తీస్తారు. ఆయన మాత్రం వంగి గుప్పెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలుపుతాడు. "గిది పనికిరాదు. సిమెంటు పట్టదు" అని అక్కడికక్కడే తేల్చేస్తాడు. పాపం, ఆయన చెప్పింది నిజమే. గాలికి దొర్లి దొర్లి నున్నబడ్డ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. అందుకే చుట్టూ ఇంత ఎడారి పెట్టుకుని కూడా దుబాయ్ కట్టడాల కోసం బయటి దేశాల నుంచి ఇసుక తెప్పించుకుంది. మన దగ్గర ఒక్క ట్రాక్టరు ఇసుక దొరకాలంటే సర్కారు 'మన ఇసుక వాహనం' అని ఆన్‌లైన్ బుకింగ్ పెట్టాల్సి వచ్చింది. అక్కడేమో కనుచూపు మేర ఇసుకే, అడిగే నాథుడు లేడు. ఈ లెక్క ఒకసారి మొదలైందంటే మామ ఇక సూర్యాస్తమయం చూడడు.

ప్యాకేజీ మాట్లాడేటప్పుడు ఏవేవి ఉచితమో అడగండి, అవన్నీ రెండేసి నిమిషాల పనులని తెలుస్తుంది. డేగను చేతి మీద కూర్చోబెట్టుకుని ఫొటో, నాలుగు చక్రాల బైకు, సోఫాలో కూర్చోవడం... వీటికి వేరే లెక్క. దారిలో బండి ఆగిన చోట ఒకతను నవ్వుతూ వచ్చి మీ తలకు అరబ్బు రుమాలు చుడతాడు. చుట్టడం ఉచితమే, విప్పడానికే డబ్బులు. దండం పెట్టి ముందుకు కదలండి.

దిబ్బల అంచుకు రాగానే డ్రైవరు దిగి ల్యాండ్ క్రూజర్ టైర్లలో గాలి తీసేస్తాడు. సుయ్యిమని శబ్దం వస్తుంది. జీవితమంతా పంక్చర్ షాపులో డబ్బులిచ్చి గాలి కొట్టించుకున్న మనిషికి గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో కూరుకుపోదు. తర్వాత అరగంట సేపు బండి దిబ్బ మీదికెక్కి పక్కకు జారుతుంది. విదేశీయులు అరుస్తారు. మీరు షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వానాకాలంలో పల్లె రోడ్డు తిరిగినవారు కనుక మర్యాద కోసం ఒకటి రెండు సార్లు అరవండి చాలు. మధ్యాహ్నం తిన్న బిర్యానీకి ఆ మర్యాద తెలియదు. సీటు ముందున్న ప్లాస్టిక్ కవరు ఎందుకుందో డ్రైవరును అడగకండి.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. అంటే మీరు మొదట ముందుకు పడబోతారు. వెనక్కి వాలి కూర్చోండి. భయం తగ్గేలోపు సవారీ అయిపోతుంది.

సూర్యుడు దిగేటప్పుడు ఇంటికి వీడియో కాల్ చేసి చూపించాలనిపిస్తుంది. అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా. దుబాయ్‌లో ఆరయితే ఆత్మకూర్‌లో ఏడున్నర, సీరియల్ నడుస్తుంటుంది. అరేబియా ఎడారి మొత్తం తెచ్చి చూపినా ఎవరూ ఫోనెత్తరు. స్టేటస్ పెట్టుకోండి. పక్కనున్న డెబ్బయి బండ్లు, సెల్ఫీ కోసం తోసుకుంటున్న మూడొందల మంది పడకుండా తీస్తేనే ఏకాంతం.

క్యాంపులో తివాచీల మీద కింద కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మను కూర్చోబెట్టడం సులువే, లేపడానికి ఇద్దరు కావాలి. ఈజిప్టు నుంచి వచ్చిన తనూరా నాట్యంలో ఒకతను దీపాలు కుట్టిన పావడాతో గిరగిరా తిరుగుతాడు. ఇది ధైర్యంగా చూడవచ్చు. బెల్లీ డాన్స్ మొదలు కాగానే భార్యాపిల్లలతో వచ్చిన మగవాళ్లందరికీ ఒకేసారి ఫోన్లో ముఖ్యమైన మెసేజ్ వస్తుంది. రంజాన్ నెలలో వెళ్తే ఈ అవస్థ ఉండదు, ఆ నాట్యమే ఉండదు. శాకాహారులకు విడిగా తిండి దొరుకుతుంది కానీ కారం మాత్రం ఇంటి నుంచే రావాలి. జూరాల డ్యాం దగ్గర అప్పటికప్పుడు వేయించిచ్చే చేపలకు అలవాటుపడ్డ నాలుక కాల్చిన కోడి ముక్కను చూసి నిట్టూరుస్తుంది. తొక్కు పొట్లం జేబులో ఉంచుకోండి, పక్క టేబులు గుంటూరు వాళ్లకు కనబడనివ్వకండి.

ఇక అసలు చిక్కు. పాలమూరోళ్లు ఎక్కువగా బొంబాయి, పుణె దారి పట్టినవాళ్లు. గల్ఫ్ బాట కరీంనగర్, నిజామాబాద్ వాళ్లది. అయినా వెతికితే దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో మనవాడొకడు దొరుకుతాడు. వరసకు తమ్ముడు. అతన్ని సఫారీకి పిలవకండి. ఎండాకాలమైతే మరీ వద్దు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. మూడింటికి మిమ్మల్ని హోటల్ దగ్గర ఏసీ బండి ఎక్కించుకుంటుంది. "మాకు గూడ గదే టైముకు పని షురువైతదన్నా" అంటాడు. ఏం మాట్లాడాలో తెలియక మీరు ఒంటె సంగతి చెబుతారు.

అయినా సెలవునాడు వెతుక్కుంటూ హోటల్‌కు వస్తాడు. చేతిలో పిల్లలకు నిడో డబ్బా, అమ్మకు టైగర్ బామ్, ఖర్జూరాలు, ఒక దుప్పటి, అన్నీ అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టి ఉంటాయి. "జర ఇంట్ల ఇయ్యుర్రి" అంటాడు. బరువెక్కువవుతుందని వెంటనే చెప్పకండి, బాగుండదు. "చూస్తాలే తమ్మీ" అని తీసుకోండి. ఎయిర్‌పోర్టు కౌంటరులో ముల్లు దాటితే ముందు ఆ పెట్టె దించండి. క్యాంపులో కొన్న రంగు ఇసుక సీసాను మాత్రం బట్టల మధ్య గట్టిగా చుట్టండి, పగులుతుంది.