గోడ నిలబడింది కదా అనుకున్నాను

నిలబడిన ఆనకట్టను చూసి అదే విజయమని నమ్మడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అన్నిటికన్నా పెద్దది. సివిల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో వయోంట్ డ్యామ్ పేరు విన్నాను. 261.6 మీటర్ల ఎత్తు, వంపు తిరిగిన పలుచటి కాంక్రీటు గోడ. 1960లో కట్టడం పూర్తయ్యేనాటికి ఆ తరహా ఆనకట్టల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. 1963లో దాని మీదుగా పెను కెరటం దూకినా గోడ కూలలేదు. ఆ ఒక్క ముక్క నాకు ఎంత నచ్చిందంటే, మా వృత్తి గొప్పతనానికి రుజువుగా జూనియర్లకు ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చాను. గోడ దాటిన నీళ్లు ఎటు పోయాయని ఒక్కసారైనా అడగలేదు.

ఆ నీళ్లు లొంగరోనె మీద పడ్డాయి.

ఉత్తర ఇటలీలో, డోలమైట్ కొండల నడుమ, ప్యావె నది లోయలో ఉన్న చిన్న ఊరది. ఆనకట్ట చూడాలని వెళ్లి అక్కడ రైలు దిగాను. ఇటలీ అంటే పాత రాతి ఇళ్లు, ఇరుకు సందులు అని మనసులో పెట్టుకుని వెళ్లిన నాకు అన్నీ కొత్త కాంక్రీటు ఇళ్లే కనిపించాయి. 'ఈ ఊరికి చరిత్రే లేదు, ఇక్కడ చూడ్డానికేం ఉంది?' అని పక్కనున్న మిత్రుడితో అన్నాను. ఎదురుగా కొండల చీలికలో తెల్లగా కనబడుతున్న గోడను మాత్రం తనివితీరా ఫొటోలు తీసుకున్నాను.

ఆ తరువాత ఊళ్లోని మ్యూజియంలోకి వెళితే, నేను వెతికిన పాత ఊరు ఫొటోల్లో కనబడింది. 1963 అక్టోబర్ 9 రాత్రి 10 గంటల 39 నిమిషాలకు టోక్ కొండ నుంచి 26 కోట్ల ఘనపు మీటర్లకు పైగా రాయీ మట్టీ ఒక్క ఊపున జలాశయంలోకి జారాయి. నీళ్లు గోడ మీదుగా లేచి, ఇరుకైన కనుమలోంచి దిగువకు దూకాయి. కొద్ది నిమిషాల్లో లొంగరోనె తుడిచిపెట్టుకుపోయింది. రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో వస్తోందని ఆ రాత్రి చాలామంది ఊళ్లోని బార్లలో చేరి ఉన్నారు. మొత్తం 1,900 మందికి పైగా చనిపోతే, అందులో అత్యధికులు ఈ ఊరివాళ్లే. పక్కనున్న పిరాగోలో ఒక గంటగోపురం, ఒక ఇల్లు మిగిలాయి.

కొండ ముందే హెచ్చరించింది. 1960 నవంబర్‌లో 7 లక్షల ఘనపు మీటర్ల ముక్క జారిపడింది. పైన 2 కిలోమీటర్ల పొడవున నేల బీటవారింది. డ్యామ్ రూపకర్త కార్లో సెమెంజా కొడుకు, భూగర్భ శాస్త్రవేత్త ఎడొఆర్దో, అది వేల ఏళ్ల నాటి కొండచరియ అనీ, మళ్లీ కదలొచ్చనీ చెప్పాడు. అంతకుముందే, 1959లో, తీనా మెర్లీన్ అనే విలేకరి కొండ మీది పల్లెవాళ్ల భయాన్ని పత్రికలో రాసింది. ప్రజల్లో ఆందోళన రేపుతోందని ఆమె మీద కేసు పెట్టారు. కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. అయినా జలాశయాన్ని నింపడం ఆగలేదు. నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ కొండ జారుడును అదుపులో పెట్టుకోవచ్చని ఆనకట్ట నడిపేవాళ్లు నమ్మారు.

ఆ నమ్మకంలో నన్ను నేను చూసుకున్నాను. నా లెక్కల్లోనూ గోడ ఉంది, నీటి బరువు ఉంది. గోడకు ఆనుకున్న కొండ లేదు, దిగువన పడుకున్న మనుషులు లేరు.

చరిత్ర లేదని నేను తీసిపారేసిన ఊరికి ఎంత చరిత్ర ఉందో అప్పుడు తెలిసింది. కొండల్లో కొట్టిన కలపను దుంగల తెప్పలుగా కట్టి, ప్యావె మీదుగా వెనిస్ వైపు నడిపిన తెప్పలవాళ్ల నేల ఇది. ఏటి అవతల కొదిస్సాగోలో వాళ్ల మ్యూజియం ఉంది. పక్క లోయ జోల్దో నుంచి వలస వెళ్లినవాళ్లు జర్మనీ నిండా జెలాటో అంగళ్లు తెరిచారు. ఆ ఐస్‌క్రీమ్ వృత్తివాళ్ల అంతర్జాతీయ ప్రదర్శన 1959 నుంచి లొంగరోనెలోనే జరుగుతోంది. ఊరు పోయినా ప్రదర్శన పోలేదు. కొత్త చర్చిని జొవాన్ని మికెలుచ్చి నిర్మించాడు. లోపల ఒక అర్ధవృత్తాకార సభాస్థలి, పైకప్పు మీద ఆకాశం కింద మరొకటి. స్టేషన్ దగ్గర దాన్ని చూసి 'ఇదేం చర్చి?' అని మొహం తిప్పుకున్నవాణ్ణి, ఈసారి పైదాకా ఎక్కాను. ఫోర్తోన్యా శ్మశానంలో ఒకే ఎత్తున 1,910 తెల్లరాళ్లు వరసలు తీరి ఉన్నాయి. దొరకనివాళ్లకూ, పోల్చుకోలేనివాళ్లకూ అక్కడ రాయి ఉంది. ఈ దుర్ఘటనపై నడిచిన కేసు విచారణ పత్రాలను 2023లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

తిరిగొచ్చాక, వయోంట్ గురించి నేను గొప్పగా చెప్పిన జూనియర్లలో దొరికినవాళ్లందరికీ తప్పు చెప్పానని రాశాను. ఇప్పుడు ఎవరైనా ఆనకట్ట గురించి అడిగితే ఎత్తు దగ్గర మొదలుపెట్టను. ఒడ్డు కొండ కదులుతోందా, దిగువన ఏ ఊళ్లున్నాయి, ఆ ఊళ్లవాళ్లు భయపడుతుంటే ఎవరైనా విన్నారా అని అడుగుతాను. వీటికి జవాబు లేనిచోట గోడ ఎంత గట్టిదైనా ఆ లెక్క తప్పే.