బిజినెస్ స్కూల్ సీటుకు బంధువును వాడే విధానం

సికింద్రాబాద్‌లో ఎంబీఏ సీటుకు బంధుబలం వాడదలచిన కుటుంబం ముందుగా చుట్టాల జాబితా రాసుకోవాలి. మారేడుపల్లి మేనమామ, తార్నాక పెదనాన్న, డల్లాస్ బాబాయి, వియ్యంకుడి తమ్ముడు అందరూ ఇందులోకి వస్తారు. మాటలు లేని చుట్టాలుంటే దరఖాస్తు గడువుకు ఏడాది ముందే పలకరించాలి. గడువు వారంలో పలకరిస్తే ఎందుకో వాళ్లకు తెలిసిపోతుంది.

తర్వాత ఏ చుట్టం ఎక్కడ చెల్లుతాడో చూడాలి. ఐఐఎంలు క్యాట్ స్కోరు, పాత మార్కులు, ఉద్యోగానుభవం, ఇంటర్వ్యూ చూస్తాయి. అహ్మదాబాద్‌లో చదివిన మేనమామకు అందులో మార్కులేమీ లేవు. ఆయన చేత కోచింగ్ ఫీజు కట్టించవచ్చు. 1992లో పుట్టిన టైమ్ కోచింగ్ సంస్థ ప్రధాన కార్యాలయం పార్క్ లేన్‌లోనే ఉంది. రాష్ట్ర కాలేజీల్లో ఐసెట్ కన్వీనర్ సీట్లకు ర్యాంకే దిక్కు. మేనేజ్‌మెంట్ కోటాలో చుట్టం పేరు కన్నా చుట్టం ఇచ్చే చేబదులు బాగా పనిచేస్తుంది.

2001లో తరగతులు మొదలుపెట్టిన గచ్చిబౌలి ఐఎస్‌బీకి జీమ్యాట్, జీఆర్‌ఈ లాంటి పరీక్ష స్కోరు, వ్యాసాలు, సిఫార్సు లేఖ, ఇంటర్వ్యూ కావాలి. లేఖ రాయవలసింది పనిచేయించుకున్న అధికారి. ‘మావాడు చిన్నప్పటి నుంచీ చురుకు’ అని పెదనాన్న రాసే లేఖను పెళ్లి సంబంధాలకు దాచుకోవడం మేలు. ఇంటర్వ్యూల్లో పూర్వ విద్యార్థులూ కూర్చుంటారు కాబట్టి, తెలిసిన ముఖం ఎదురుపడాలని ఉజ్జయిని మహాకాళి అమ్మవారికి మొక్కుకోవచ్చు.

అమెరికాలో కొన్ని బిజినెస్ స్కూళ్ల దరఖాస్తులే ఇంట్లో ఎవరైనా ఇక్కడ చదివారా అని అడుగుతాయి. ఆ గడి నింపడానికి ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ చదివి ఉండాలి. డల్లాస్ బాబాయిలు ఎక్కువగా ఏదో స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేసినవారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1997లో షికాగో యూనివర్సిటీ నుంచి ఎంబీఏ పొందారు. ఆ బేగంపేట స్కూలు గోడ పక్కన ఇల్లున్నంత మాత్రాన ఆయన పేరు ఆ గడిలో రాయకూడదు.

దూరపు చుట్టాన్ని ఎన్నారై కోటాకు వాడేవారు ఒక తీర్పు చదవాలి. పంజాబ్ ప్రభుత్వం మెడికల్ సీట్ల ఎన్నారై కోటాను మామలు, అత్తలు, తాతలు, వరసకు అన్నదమ్ముల దాకా పెంచితే హైకోర్టు కొట్టేసింది. 2024 సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చి, ఇది మోసం అంది.

ఇవేవీ కుదరకపోయినా చుట్టం వృథా పోడు. ఏ స్కూలుకు ఏ నెలలో దరఖాస్తు చేయాలో చెబుతాడు, వ్యాసం నాలుగుసార్లు దిద్దుతాడు, ఆదివారం ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేస్తాడు, ఎడ్యుకేషన్ లోన్‌కు హామీ సంతకం పెడతాడు. ఈ సాయాన్ని ఏ నిబంధనా ఆపదు, ఏ దరఖాస్తూ అడగదు. అలాంటి చుట్టం లేని విద్యార్థి ఇదంతా కన్సల్టెంట్ దగ్గర డబ్బిచ్చి కొనాలి, లేదా లేకుండానే పోటీపడాలి. సీటు వచ్చాక ఇంటిల్లిపాదీ దీన్ని స్వయంకృషిగా నమోదు చేసుకోవాలి.