దిగాక చూద్దాం

ఏజెంట్ల నోట ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన మాట ‘ఆన్ అరైవల్’. “వీసా సంగతి నీకెందుకు బాబూ, దిగగానే కొట్టేస్తారు” అని ఏజెంటు అంటాడు. ఆ మాట మీద గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళలో ఏదో ఇంట్లో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్తుంది. ఈ మాట గొప్పతనం తెలియాలంటే ఏజెంటు పాత కష్టాలు తెలియాలి. వెనకటి గల్ఫు రోజుల్లో వీసా కాగితం చూపిస్తే తప్ప పాపం అతనికి అడ్వాన్సు పుట్టేది కాదు. నిజం కాగితం దొరక్కపోతే దొంగది తయారు చేయించాలి. దానికో ముద్ర, ఓ సంతకం, బొంబాయి విమానాశ్రయంలో పట్టుబడతామేమోనన్న బెంగ. ఇప్పుడా శ్రమంతా తప్పింది. లేని కాగితాన్ని దొంగ కాగితమని ఎవరూ అనలేరు కదా! చూపించడానికి చేతిలో ఏమీ లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఇంతకీ దిగగానే వీసా ఎవరికిస్తారు? డబ్బు ఖర్చుపెట్టి తిరిగి వెళ్ళిపోయేవాడికి. బాలీకి వెళ్తే అయిదు లక్షల ఇండోనేసియా రుపయ్యాలు కట్టించుకుని ముప్పై రోజులిస్తారు. అమెరికా వీసా ఉన్న భారతీయుడికి దుబాయిలో దిగాక వీసా దొరుకుతుంది. అంటే, ఒక ధనిక దేశం ముందే పరీక్షించి పాస్ చేసినవాడైతే ఇంకో ధనిక దేశానికి అభ్యంతరం లేదన్నమాట. కంబోడియా అంత బెట్టు చెయ్యదు. ఫారం, ఫొటో, 30 డాలర్లు చాలు. విమానాశ్రయంలో వీసా కిటికీ దగ్గర పర్యాటకుడి వీసా ధర 30, వ్యాపారానికో పనికో వచ్చినవాడు తీసుకోవలసిన సాధారణ వీసా ధర 35. ఆ రెండోదీ పని చెయ్యడానికి అనుమతి కాదు, దానికి పర్మిట్ వేరే ఉంది. లక్షల్లో వసూలు చేసిన ఏజెంటు ఆ అయిదు డాలర్ల దగ్గరే పొదుపు పాటిస్తాడు. అర్ధరాత్రి దాటాక, నిద్రకళ్ళతో, సంచిలో డిగ్రీ సర్టిఫికెట్ల నకళ్ళు పెట్టుకుని నిలబడ్డ కుర్రాడు “ఎందుకొచ్చావు?” అంటే “చూడ్డానికి” అని నేర్పిన జవాబు అప్పజెబుతాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న సామెత మనదే అయినా, దాన్ని పాస్‌పోర్టులో ముద్రగా కొట్టించిన ఘనత మాత్రం ఏజెంటుదే. ఆ క్షణం నుంచి కుర్రాడు ఆ దేశం దృష్టిలో అబద్ధం చెప్పి వచ్చినవాడు. రేపు పోలీసు దగ్గరకు వెళ్దామన్నా ముందు తన నేరమే చెప్పుకోవాలి.

వీసా దిగాకే అన్నప్పుడు మిగతావన్నీ కూడా దిగాకే అని వేరే చెప్పనక్కర్లేదు. కంపెనీ పేరు, ఒప్పందం, జీతం అన్నీ దిగాకే. ముందు జరిగేది ఒక్కటే, చెల్లింపు. 2024 మేలో విశాఖ పోలీసులు ముగ్గురు ఏజెంట్లను అరెస్టు చేసినప్పుడు బయటపడింది ఈ వరసే. డేటా ఎంట్రీ ఉద్యోగమన్నారు, మనిషికి లక్షన్నర దాకా తీసుకున్నారు, బ్యాంకాక్ మీదుగా టూరిస్టు వీసాతో కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్లో సొంత దేశం వాళ్ళనే మోసగించే పనిలో కూర్చోబెట్టారు. ఆ నెల్లోనే కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో మనవాళ్ళు తిరగబడ్డారు. వీసా అసలే అక్కర్లేదన్న చోట పరిస్థితి ఇంకా ముదిరింది. 2024 ఫిబ్రవరిలో ఇరాన్ మన పర్యాటకులకు వీసా మినహాయించింది. ఉద్యోగాల ఆశ చూపించి అక్కడికి తీసుకెళ్ళి, కిడ్నాప్ చేసి, ఇళ్ళకు ఫోన్లు చేసి డబ్బు గుంజడం మొదలయ్యాక, 2025 నవంబరు 22 నుంచి ఆ మినహాయింపును ఆపేసింది.

“చదువుకున్నవాళ్ళు, ఆమాత్రం తెలుసుకోవద్దా?” అని పెద్దమనుషులు అడుగుతారు. చట్టం కూడా సరిగ్గా అలాగే అనుకుంటోంది. 1983 వలస చట్టం కింద, పది పాస్ కానివాడు గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే వలసదారుల సంరక్షకుడి అనుమతి తీసుకోవాలి. పది పాసయ్యాడా, సంరక్షణ అక్కర్లేదు. ఆ 18 దేశాల జాబితాలో మలేసియా, థాయిలాండ్ ఉన్నాయి గాని కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు. సైబర్ మోసాల ముఠాకు కావలసిందేమో టైపింగ్, కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు. ఈ లెక్కన పదో తరగతి పాసవడం మనవాడు చేసిన మొదటి పొరపాటు.

ఇక్కడ పనుంటే వాళ్ళెందుకు పోతారన్నది అసలైన ఆక్షేపణ. దానికి ఎదురు చెప్పడం కష్టం. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకు తాళం ఎన్నిసార్లు పడిందో విజయనగరం జిల్లాలో అందరికీ తెలుసు. వలస మనకు కొత్తా కాదు. ఈ తీరం నుంచి జనం మేస్త్రీ ఇచ్చిన బయానా పట్టుకుని రంగూన్ ఓడ ఎక్కారు, తిరిగొచ్చినవాళ్ళ పేరు మీద విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. ఆ మేస్త్రీ మంచివాడని ఎవరూ అనరు. కూలీని అప్పులో కట్టేసేవాడు. కానీ ముందు డబ్బిచ్చి మనిషిని తీసుకెళ్ళేవాడు. ఇవాళ్టి ఏజెంటు మనిషిని తీసుకెళ్తూ డబ్బు కూడా ఆ మనిషి దగ్గరే తీసుకుంటాడు. నూరేళ్ళలో సాధించిన ప్రగతి ఇది. వెళ్ళొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు, వెళ్ళేవాడికి ఏం అమ్ముతున్నారన్నదే గొడవ. సరైన దారి ఆలస్యమవుతుందనీ ఖర్చెక్కువనీ అంటారు. ఆలస్యం నిజమే. ఖర్చు మాటకొస్తే, రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30 వేలు, పైన జీఎస్టీ. లక్షన్నర ఇచ్చేది చౌకని కాదు, పక్కింటివాడి కంటే ముందు వెళ్ళిపోతామని. ఇక సెలవుల్లో బాలీ చూసొచ్చే సంసారులు నొచ్చుకోనక్కర్లేదు. ఆ కిటికీ తెరిచింది వాళ్ళ కోసమే.

రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల సాధికారత, సంబంధాల శాఖ 2024 జూన్ నుంచి గజపతినగరం ఎమ్మెల్యే కొండపల్లి శ్రీనివాస్ చేతిలోనే ఉంది. కేంద్రం జాబితాలో కంబోడియా, లావోస్, మయన్మార్లను చేర్చమనీ, పది పాసైనవాడికి కూడా ఆ సంరక్షణ ఉంచమనీ ఢిల్లీకి గట్టిగా రాయవలసింది ఆయనే. ఆ ఉత్తరం వెళ్ళేలోగా తల్లిదండ్రులు చెయ్యగలిగింది ఒకటుంది. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్లో సరిచూడండి, కంపెనీ ఒప్పందం కాగితం చేతిలో పెట్టమనండి. అదంతా దిగాక చూద్దామని అతనంటే, డబ్బు కూడా దిగాకే ఇస్తామని చెప్పండి.