అరగంట పని

బెంగళూరు మహానగరమున ఒక చిన్న దుకాణము తెరువదలచిన మన తెలుగువాడు పది నెలల అద్దెను అడ్వాన్సు పేర ఇంటి ఓనరు పాదములకడ సమర్పించుటకు వెనుదీయడు. వాస్తు పండితుడు వచ్చి గల్లాపెట్టె ఈ మూల ఉండరాదని సెలవిచ్చినచో గోడ పగులగొట్టించుటకు ముహూర్తము చూచునే గాని ఖర్చు చూడడు. సంఖ్యాశాస్త్రజ్ఞుడు దుకాణము పేరున మరి రెండు ‘ఏ’లు చేర్చినగాని లక్ష్మి నిలువదన్నచో, అక్షరమునకింత అని దక్షిణ చెల్లించి ఆ రెండు ‘ఏ’లను శిరసావహించును. ఇంతటి ఉదారుడు, ఇంతటి శ్రద్ధాళువు, ఆ పేరును నలుగురును చదువునట్లు తీర్చిపెట్టు డిజైనరు ఎదుట కూర్చుండి తన పారితోషికము చెప్పినంతనే హఠాత్తుగా అర్థశాస్త్రవేత్తయై, “ఏముంది తమ్ముడూ, అరగంట పని!” అనును.

ఈ అరగంట సిద్ధాంతమును చాలకాలము పరిశీలించి దాని మూలసూత్రమును కనుగొంటిని. మౌసు కదలిన కాలమే పని. డిజైనరు గడ్డము క్రింద చేయి పెట్టుకొని తెరవంక చూచుచు కూర్చున్న కాలమంతయు విశ్రాంతి. ఈ లెక్కన ఆవకాయ కలుపుటయు అరగంట పనియే. ఏ తోట కాయ తేవలెనో, ఏ కారమునకెంత ఆవపిండి పట్టునో తెలిసికొనుటకు పట్టిన ముప్పది యేండ్లు లెక్కలోనికి రావు. ఈ మాట పచ్చళ్ల వ్యాపారితో అని చూడుడు. జాడీ మూయకముందే మీకు దారి చూపును.

నగరమునకే లోగో కావలసివచ్చిన కాలమిది. 2017 డిసెంబరులో కర్ణాటక పర్యాటకశాఖవారు విధానసౌధకడ బెంగళూరు నగరపు లోగోను ఆవిష్కరించి, ఇంగ్లీషున వ్రాసిన ఊరిపేరులో తొలి రెండక్షరములను, తుది అక్షరమును ఎర్రన చేసి, ‘నీవు నీవుగా ఉండుము’ అను భావము స్ఫురింపజేసి, సొంత లోగో గల తొలి భారతీయ నగరము మాదేయని చాటుకొనిరి. ఆ వారమంతయు ఊరిలో డిజైనరు కానివాడు లేడు. ఇంతకన్న మా పిల్లవాడు మేలుగా గీయునని అనని తండ్రియు లేడు. పిల్లవాండ్ర ప్రతిభ మన జాతికున్న అక్షయనిధి గదా!

ఇక అసలు కథానాయకుని చూతము. మారతహళ్లి ప్రాంతమున పచ్చళ్లు, పొడులు, అరటియాకులో వేడి భోజనము అమ్మదలచిన గుంటూరు పెద్దమనిషి యొకడు. (ఇట్టివారు ఆ వీథిలో పలువురు గలరు గనుక ఏ ఒక్కరును భుజములు తడుముకొన నక్కరలేదు.) ఆయన కోరిక స్వల్పము. లోగోలో ఒక జాడీ ఉండవలెను. జాడీలో మామిడికాయ ముక్క కనబడవలెను. ప్రక్కన రెండు ఎండుమిరపకాయలు. జాడీ వెనుక కీర్తిశేషురాలైన నాయనమ్మగారి చిరునవ్వు. ఉన్న యొక్క ఫొటోలో ఆవిడ నవ్వలేదు కనుక ఆ నవ్వు డిజైనరే తెప్పించవలెను. పైన ఏడుకొండలవాడు, క్రింద రెండు ఫోను నంబర్లు, వాని క్రింద ఆహారభద్రతా లైసెన్సుయొక్క పదునాలుగంకెల సంఖ్య. ఇంతయు చూచుటకు ‘సింపుల్‌గా, క్లాస్‌గా’ ఉండవలెను.

“ఫోన్ నంబర్లు లోగోలో ఎందుకు సార్?” అని డిజైనరు కుర్రవాడు వినయముగా అడిగెను.

“ఆ పక్కన ఖాళీ ఉందిగా తమ్ముడూ!”

డిజైనరు ఎంత చదువుకొన్నను ఈ వాదమునకు ప్రత్యుత్తరము లేదు. చదరపుటడుగు ధర ఎరిగిన వాడెవ్వడును బెంగళూరులో ఖాళీ స్థలమును చూచి ఊరకుండజాలడు.

పిదప బోర్డు ప్రసక్తి వచ్చినది. ఈ ఊరిలో బోర్డు కేవలము అలంకారము కాదు, చట్టము. 2023 డిసెంబరు 27న ఒక కన్నడ సంఘమువారు ఇంగ్లీషు బోర్డులపై విరుచుకుపడిరి. నగరపాలికవారు బోర్డులు మార్చుటకు 2024 ఫిబ్రవరి 28 గడువుగా విధించిరి. బోర్డున 60 శాతము కన్నడము ఉండవలెననియు, అదియు పైభాగముననే ఉండవలెననియు శాసనసభ నిర్ణయించినది. మిగిలిన నలుబది శాతమున ఇంగ్లీషు, తెలుగు, నాయనమ్మగారు, వేంకటేశ్వరుడు సర్దుకొనవలెను. పెద్దమనిషి క్షణకాలము ఆలోచించి, మహావైయాకరణులకును తట్టని ఉపాయము చెప్పెను: “కన్నడమూ మన తెలుగూ చూడ్డానికి ఒకటేగా! ఒకసారి రాసేయ్, ఇద్దరూ చదువుకుంటారు. సగం లైట్లు మిగులుతాయి.”

ఈ మాటలో చరిత్ర లేకపోలేదు. ఒకే పాతలిపినుండి పుట్టిన ఈ రెండును 19వ శతాబ్దమున అచ్చుయంత్రముల సీసపు అక్షరములలోనికి ఒదిగినపుడు గదా ఎవరి రూపము వారికి స్థిరపడినది! కాని తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్లు పైకి లేచును. కన్నడపు తలకట్టు అడ్డముగా సాగి కొన వంచుకొనును. క, త వంటి అక్షరముల రూపమే వేరు. పైగా ఇంగ్లీషు పెద్దక్షరములు నిటారుగా నిలిచి క్రిందికి దిగవు. మన రెండు లిపులకును ఒత్తులు క్రిందికి వ్రేలాడును గనుక, ఒకే కొలతతో మూటిని పేర్చినచో ఇంగ్లీషు దొరవలెను తక్కిన రెండును దొడ్డిదారిన వచ్చినట్లును అగపడును. ఆ మూటిని సమానముగా కూర్చుండబెట్టుటయే డిజైనరు పని. కుర్రవాడిదంతయు చెప్పెను. పెద్దమనిషి సాంతము విని, “తలకట్టు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగెను.

ఈలోగా బెళ్లందూరున సాఫ్ట్‌వేరు ఉద్యోగముచేయు బావమరిది ప్రవేశించెను. ప్రతి లోగో కథలోను ఒక బావమరిది ఉండును. నైకీ సంస్థవారు 1971లో తమ చిహ్నమును ఒక విద్యార్థినిచేత 35 డాలర్లకు గీయించుకొన్న వృత్తాంతమును ఆయన భక్తితో వినిపించెను. 1983లో ఆ సంస్థవారే ఆమెను పిలిచి బంగారుటుంగరమును, కంపెనీ వాటాలను ఇచ్చిన ఉత్తరకథను మాత్రము ఆయన విన్నట్లు లేదు. 1986లో పాల్ ర్యాండ్ అను అమెరికా డిజైనరు స్టీవ్ జాబ్స్ కొత్త కంపెనీకి లోగో చేయుటకు లక్ష డాలర్లు పుచ్చుకొని, ఒక్కటియే చేసి ఇచ్చెనే గాని రెండవది చూపుటకు సమ్మతింపలేదన్న సంగతి అక్కడ చెప్పువారు లేరు. చెప్పినను, “జాబ్స్‌కు బావమరిది లేడేమో” అనుకొందురు.

బావమరిది రెండవ సలహా పోటీ. మన రూపాయి గుర్తును 2010లో ప్రభుత్వము పోటీ పెట్టియే ఎన్నుకొనలేదా? నిజమే, గెలిచిన ఉదయకుమారునికి రెండున్నర లక్షల బహుమానమును, దేశములోని ప్రతి ధరపట్టికమీద శాశ్వతస్థానమును లభించెను. మన పెద్దమనిషి పోటీలోనో, ఐదుగురు కుర్రవాండ్రు రాత్రులు మేలుకొని బొమ్మలు పంపవలెను, నచ్చినవానికి పదిహేనువందలు, తక్కిన నలుగురికి “బాగుంది బ్రదర్, మళ్లీ చెప్తాం” అను వాట్సాప్ ఆశీర్వచనము.

డిజైనర్లు మాత్రము తక్కువవారా? పెద్దమనిషి అంతకుముందు కోరమంగలలో ఒక స్టూడియోకు పోయి వచ్చెను. అచట నల్లబనియన్లు తొడిగిన ఇరువురు యువకులు చేదుకాఫీ ఇచ్చి, “మీ పచ్చడియొక్క అంతరాత్మ ఏమి?” అని ఇంగ్లీషున ప్రశ్నించిరి. “గోంగూర” అని ఈయన సత్యమే పలికెను. కొన్ని వారములకు వారొక లావుపాటి పీడీఎఫ్ పంపిరి. తుదిపుటలో తెల్లని మైదానమున ఒక ఎర్రని చుక్క. అది మిరపగింజయట. దానికి లక్షన్నర, పైన 18 శాతము జీఎస్టీ. ఆయన బెదరి పారిపోయివచ్చుటలో నాకు తప్పు కనబడలేదు.

మధ్యలో మేనల్లుడు ఉచితముగా చేసియిచ్చినదియు గలదు. ఇంగ్లీషు అక్షరములకొరకు పుట్టిన సాఫ్ట్‌వేరులో భారతీయ లిపులను కూర్చు ఏర్పాటును ముందుగా ఎంచుకొననిచో మన ఒత్తులు తల్లినుండి తప్పిపోవును. ఆ సంగతి మేనల్లునికి తెలియదు. తెలుగు చదువ రాదు గనుక తెలియుటకు వీలును లేదు. ప్రారంభదినమున బోర్డుపై అడుగు ఎత్తు అక్షరములతో “స్‌వచ్‌ఛమైన నెయ్‌యి” అని వెలసినది. భోజనమునకు వచ్చిన తెలుగువారందరును సెల్ఫీలు దిగిరి. వ్యాపారమునకది మేలే చేసినది.

చివరకు మొదటి కుర్రవాడే దక్కెను. పదిహేనువందలు, ఒకపూట భోజనము. భోజనము విషయమున పెద్దమనిషి లోభి కాడు. కందిపొడిమీద నెయ్యి తానే వడ్డించి, “ఇంకొంచెం వేసుకో తమ్ముడూ” అని బలవంతపెట్టెను. పిదప కుర్రవాని భుజము ప్రక్కనే కుర్చీ వేసికొని, జాడీని ఎడమకు, నాయనమ్మను కుడికి, పేరును ఇంకొంచెము పెద్దదిగా, ఎర్రదనమును ఇంకొంచెము ఎర్రగా చేయించెను. మెదడు తనది, చేయి మాత్రము కుర్రవానిది. అద్దెకు తెచ్చుకొన్నది ఆ చేతినే. ఫలము అచ్చముగా ఆయన కోరినట్లే వచ్చినది. అదియే దానిలోని లోపము.

రెండేండ్లకు వైట్‌ఫీల్డున రెండవ శాఖ తెరువవలసివచ్చెను. బోర్డు చేయువాడు ఎంత పెంచినను చెదరని అసలు ఫైలు కావలెననెను. ఉన్నది వాట్సాప్‌లో చేతులు మారి మారి అరిగిపోయిన బొమ్మ, నాలుగడుగులకు పెంచగా నాయనమ్మగారు ఇటుకలపేర్పుగా మారిరి. ట్రేడ్‌మార్కు చేయింపబోగా వకీలు, చిన్న వ్యాపారికి ఆన్‌లైను రుసుము 4,500 రూపాయలేయనియు, బెంగళూరువారి దరఖాస్తు చెన్నై కార్యాలయము క్రిందికి వచ్చుననియు చెప్పి, “ఇంతకూ బొమ్మ మీదేనా?” అని అడిగెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతమిచ్చి ఉద్యోగిచేత గీయించినది సాధారణముగా యజమానిదే; బయటివానిచేత గీయించిన లోగో మాత్రము, వాడు కాగితముమీద సంతకము చేసి బదలాయించినగాని, గీసినవానిదే. ఆ కాగితమున కాలపరిమితి వ్రాయనిచో ఐదేండ్లే చెల్లును. గీసినవాని హక్కు మాత్రము వాని జీవితకాలమును, ఆపైన 60 ఏండ్లును.

“అరగంట పనికి చచ్చాక అరవయ్యేళ్లా!” అని పెద్దమనిషి కుర్చీలో కూలబడెను.

కుర్రవాడిప్పుడు సొంత స్టూడియో పెట్టుకొన్నాడట. “తమ్ముడూ, భోజనానికి రా, పని ఉంది” అను సందేశమునకు వాడు మర్యాదగా నమస్కారము తెలిపి, అసలు ఫైలునకు, హక్కుల బదలాయింపు పత్రమునకు, కొత్త బోర్డునకు వేరువేరుగా ధరలు వేసి, జీఎస్టీ కలిపి, చక్కని లెటర్‌హెడ్డుమీద కొటేషను పంపెను. పెద్దమనిషి కండ్లజోడు పెట్టుకొని దానిని ఆమూలాగ్రము చదివి, అంకెలను గూర్చి ఒక్క మాటయు అనక, ఇట్లు బదులు వ్రాసెను:

“చూశాను తమ్ముడూ. పైన మీ పేరు ఇంకొంచెం పెద్దదిగా, ఎర్రగా పెడితే బాగుండేది. పక్కన ఖాళీ కూడా చాలా ఉంది.”