నా ఒక్కదాని వల్ల కాదు: ఓ చేతికర్ర ఆత్మకథ

నేను చేతికర్రను. పైన వంపు తిరిగిన పిడి, కింద రబ్బరు తొడుగు, మధ్యలో నాలుగు అడుగుల లోపు చెక్క, అంతే నా ఒళ్లు. ఇంట్లో పెద్దవాళ్ల అడుగు తడబడటం మొదలవగానే నన్ను కొని తెచ్చి చేతికిస్తారు. ఇక పడరులే అని పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. నా అభ్యంతరమంతా అక్కడే. 65 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏటా ఒక్కసారైనా పడుతున్నారు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. ఇంత ముప్పును ఒక కర్రముక్క ఆపలేదు. పైగా నన్ను సరిగ్గా వాడకపోతే నేనే ముప్పు. చేతులు వదిలేసి నిటారుగా నిలబడితే నా పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కుడి మోకాలు నొప్పైతే నన్ను ఎడమ చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. తొడుగు అడుగున గాట్లు అరిగిపోతే తడి గచ్చు మీద నేనే ముందు జారతాను.

“కదిలితేనే కదా పడేది, ఓ మూల కూర్చోబెడితే పోలా?” అంటారు కొందరు. ప్రేమతో అన్నా అది తప్పుడు లెక్క. కూర్చున్నకొద్దీ తొడల్లో సత్తువ తగ్గుతుంది, నిలదొక్కుకునే శక్తి పోతుంది. ఆ తర్వాత మంచం దిగి బాత్రూముకు వెళ్లే నాలుగడుగులే గండంగా మారతాయి. 2019లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 108 పరిశోధనలను పరిశీలిస్తే, వ్యాయామం చేసే పెద్దల్లో పడటాలు 23 శాతం తగ్గినట్టు తేలింది. ఆ వ్యాయామం బరువులెత్తడమేమీ కాదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవడం లాంటివే. “ఈ వయసులోనా?” అనే సందేహానికీ జవాబు అందులోనే ఉంది: ఆ పరిశోధనల్లో పాల్గొన్నది 60 దాటినవాళ్లే. అయితే కాళ్లొక్కటే కారణం కాదు. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ మందులు, మసకబారిన చూపు, వదులు చెప్పులు, చీకటి నడవా, ఇవన్నీ కలిసే పడేస్తాయి.

అందుకే నన్ను కొనే రోజునే పెద్దవాళ్ల మాత్రలన్నీ సంచీలో వేసుకుని డాక్టరుకు చూపించండి, కళ్లు పరీక్ష చేయించండి, ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్పించండి, బాత్రూము గోడకు గట్టి కమ్మీ బిగించండి.