పికప్ కావాలంటే పాత డబ్బా మళ్లీ బిగించండి

టర్బో కారు చేతికి రాగానే మన కుర్రాళ్లు మొదట విప్పేది ఎయిర్ ఫిల్టర్ డబ్బానే. ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బాను మూలన పడేసి, దాని చోట ఎర్రటి కోన్ ఫిల్టర్ బిగిస్తారు. యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమంటుంది, వదిలితే చుస్సుమంటుంది. బండి ఎగిరిపోతున్నట్టే ఉంటుంది. పోలో జీటీ టీఎస్‌ఐ అయినా, ఐ20 ఎన్ లైన్ అయినా, టర్బో నెక్సాన్ అయినా ఇదే వరస. పికప్ మీద వాళ్లకున్న మోజు నాకూ ఉంది. అందుకే ఈ సలహాలు. గ్యారేజీలో వినే మాటలకు ఇవి పూర్తిగా ఎదురు నడుస్తాయి. అయినా ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోను.

మొదటిది, ఆ డబ్బా తెచ్చి మళ్లీ బిగించండి. దారి వెడల్పు చేస్తే ఇంజన్ ఎక్కువ గాలి పీల్చుకుంటుందన్నది టర్బో లేని ఇంజన్ల నాటి లెక్క. టర్బో బండిలో ఎంత గాలి లోపలికి పోవాలో ఈసీయూ తేలుస్తుంది. 2013లో మన దేశానికి వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐనే తీసుకోండి. 1.2 లీటర్ల ఇంజన్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్‌కు కావలసిన బూస్ట్ ఎంతో ఈసీయూలో ముందే రాసి ఉంటుంది. ఆ ఒత్తిడి అందగానే వేస్ట్‌గేట్ తెరుచుకుంటుంది, సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత టర్బైన్‌ను తాకకుండా పక్కదారిన పోతుంది. మీరు ముందు దారి వెడల్పు చేస్తే టర్బో అదే బూస్ట్‌ను కాస్త తక్కువ కష్టంతో అందుకుంటుంది, వేస్ట్‌గేట్ కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది, అంతే. ఇంజన్‌లోకి పోయే ఒత్తిడి మారదు. రీమ్యాప్ లేకుండా ఇన్‌టేక్ మార్చడమంటే ఆకలి లేనివాడి ముందు పళ్లెం పెద్దది చేయడమే.

రెండోది, తెరిచిన దారులన్నీ మూసేయండి. కంపెనీ డబ్బా గాలిని గ్రిల్ వెనక నుంచి, అంటే ఎదురుగాలి తగిలే చోటి నుంచి తెచ్చుకుంటుంది. మూతకు రబ్బరు సీల్ ఉంటుంది కాబట్టి ఇంజన్ వేడి గాలి అందులోకి రాదు. డబ్బా లేని కోన్ ఫిల్టర్ తాగేది బోనెట్ కింద మరిగే గాలినే. మే నెలలో ఖమ్మంలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలుంటుంది. సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగితే బోనెట్ కింద 75 దాటడం వింత కాదు. ఆ 30 డిగ్రీల తేడాకే గాలి సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. నష్టం అక్కడితో ఆగదు. గాలిని 1.8 రెట్లు నొక్కే కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుని లెక్క కట్టండి. 45 డిగ్రీల గాలి 128 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది, 75 డిగ్రీల గాలి 165 దాటి వస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు 30 ఉన్న తేడా బయటికొచ్చేసరికి 40కి చేరువవుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని మొత్తం దించలేదు. సిలిండర్‌లో నాకింగ్ మొదలయ్యే సూచన కనబడగానే ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. మీరు డబ్బు పోసి కొనుక్కున్న పికప్ పోయేది సరిగ్గా అక్కడే. చప్పుడు మాత్రం పెరిగే ఉంటుంది, కాబట్టి పోయిన సంగతి తెలియదు.

అందుకే బోనెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి డైనో మీద తీసిన అంకెలను నమ్మకండి. ఆ ఫ్యాన్ గాలి నేరుగా కోన్ మీదే కొడుతుంది. మీరు బోనెట్ ఎత్తుకుని అమీర్‌పేటలో తిరగరు కదా. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ట్రాఫిక్‌లో, ఏసీ వేసి కొలవండి. ఓబీడీ స్కానర్ పెట్టి ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడండి. అది బయటి వేడికన్నా ఎన్ని డిగ్రీలు పైన ఉంది, సిగ్నల్ దాటి వేగం అందుకున్నాక ఎంతసేపటికి దిగింది అన్నది రాసుకోండి. అదే దారిలో, అదే వేళకు, డబ్బాతో ఒకసారి, కోన్‌తో ఒకసారి. సెన్సర్ కొన్ని బండ్లలో టర్బోకు ముందుంటుంది, కొన్నింటిలో ఇంటర్‌కూలర్ తర్వాత ఉంటుంది. మీ బండిలో ఎక్కడుందో ముందే తెలుసుకోండి.

కాస్త మురికి పట్టిన పేపర్ ఫిల్టర్‌ను తొందరపడి మార్చకండి. గాలి అసలే కొట్టించకండి. ఈ మాటకు మెకానిక్‌లు నా మీద విరుచుకుపడతారు. కానీ కొత్త పేపర్ కన్నా పైన సన్నటి దుమ్ము పొర పట్టిన పేపర్ సన్న దుమ్మును బాగా ఆపుతుంది. కంప్రెసర్ గొట్టంతో బుస్సున గాలి కొడితే ఆ పొర పోతుంది, పేపర్‌లో కంటికి కనబడని చిరుగులు పడతాయి. మీ టర్బో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్ల వరకూ తిరిగే వస్తువు. దాని రెక్కలు అల్యూమినియం, మన రోడ్ల దుమ్ములో ఉన్నది అల్యూమినియం కన్నా గట్టిదైన సిలికా. కంకర లారీల వెనక, కోతల కాలంలో వరి గడ్డి దుమ్ములో తిరిగే బండి ఫిల్టర్ సర్వీస్ పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే నిండుతుంది. నిండాక కడగొద్దు, దులపొద్దు, కొత్తది వేయండి.

ఫిల్టర్ పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి డబ్బా తర్వాతి గొట్టం విప్పండి. అంటే శుభ్రమైన గాలి వెళ్లే వైపు. తెల్లటి పాత బనీను గుడ్డ వేలికి చుట్టి లోపలి గోడ మీద ఒక్కసారి రాయండి. గుడ్డ తెల్లగా వస్తే నిశ్చింతగా ఉండండి. మట్టి రంగు సన్నగా అంటితే, ఆ దుమ్మంతా టర్బో మీదుగా పిస్టన్ రింగుల దాకా వెళ్తోందన్నమాట. కోన్ ఫిల్టర్ వేసి ఏడాది తిరిగిన బండ్లకు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. నూనె రాసే కాటన్ ఫిల్టర్ అయితే ఇంకో చిక్కు ఉంది. నూనె ఎక్కువైతే అది వెళ్లి ఎయిర్‌ఫ్లో సెన్సర్ వేడి తీగకు పట్టుకుంటుంది, బండి తప్పుడు లెక్కతో పెట్రోలు పోసుకుంటుంది.

వేలు పోసి పైపు కొనకండి, సబ్బు నీళ్లు కలుపుకోండి. టర్బో నుంచి థ్రాటిల్ దాకా ఉన్న హోస్‌లలో, క్లిప్‌ల దగ్గర, ఇంటర్‌కూలర్ అంచుల్లో చిన్న లీకు ఉంటే బండి లాగదు. ఈసీయూకు కావలసిన బూస్ట్ అందాలి కాబట్టి లీకైన గాలిని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. తెలిసిన గ్యారేజీలో గొట్టాలకు కాస్త ఒత్తిడి పెట్టించి జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోయండి. బుడగ లేచిన చోట క్లిప్ మార్చండి. స్మోక్ టెస్ట్ చేసేవాళ్లుంటే ఇంకా మంచిది. నాకు తెలిసినంతలో పాతబడిన టర్బో బండికి ఇంతకన్నా చవకైన ట్యూనింగ్ లేదు. ముందు భాగంలో గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉంటే దాని రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులను, మట్టిని మామూలు నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

చుస్సుమనే బ్లో ఆఫ్ వాల్వ్ జోలికి పోకండి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో అది బయటికి వదిలేది అప్పటికే లెక్కలోకి వచ్చిన గాలి. దానికి సరిపడా పెట్రోలు మాత్రం సిలిండర్‌లో పడనే పడుతుంది.

చల్లగాలి కోసం ఫిల్టర్‌ను బంపర్ వెనక కిందికి దించే కిట్‌లు ఉన్నాయి. ఎండాకాలంలో నిజంగానే చల్లటి గాలి వస్తుంది. కానీ 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్లు చూసినవాళ్లు ఆ కిట్ వేసుకోకూడదు. ఫిల్టర్ మునిగితే ఇంజన్ నీళ్లు తాగుతుంది. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, తోయించండి. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర అదే అడ్డం తిరుగుతుంది.

ఇన్‌టేక్ మార్చడం ఎప్పటికీ దండగే అనడం లేదు. బూస్ట్ పెంచాక, ముఖ్యంగా టర్బోయే పెద్దది వేశాక, ఫిల్టర్ డబ్బా నిజంగానే ఇరుకవుతుంది. అప్పుడు కూడా మూత ఉన్న డబ్బా, వెడల్పైన స్నార్కెల్, టర్బో నోటి దగ్గర నున్నటి గొట్టం తీసుకోండి. బోనెట్ కింద బోసిగా నిలబడే కోన్ మాత్రం వద్దు. అంతకన్నా ముందు లీకులు కట్టండి, వేడి దించండి, తర్వాత రీమ్యాప్ చేయించండి. రీమ్యాప్ చేసేవాణ్ని ఎన్ని గుర్రాలు పెరుగుతాయని అడగకండి, గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకుంటుందో అడగండి. పాత పోలో జీటీ టీఎస్‌ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీకి కంపెనీ పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. ఆ అంకె తడుముకోకుండా చెప్పినవాడికే తాళాలు ఇవ్వండి.